తుఫాను ముందు కాడ్మియం షెడ్‌లో: యాసిడ్ కాలవ, సైనైడ్ కాలవ కలవనివ్వొద్దు

అక్టోబరు వస్తోంది. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ. ఈ తేదీలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరినడిగినా చెప్తారు. కొబ్బరితోటలు, జీడితోటలు, కరెంటు స్తంభాలు పడిపోయిన సంగతి అందరికీ గుర్తే. నేను రాస్తున్నది ప్లేటింగ్ షెడ్ల గురించి, అంటే పార్టులకి లోహపు పూత వేసే షెడ్ల గురించి. అందులోనూ విమానాల పార్టులు తుప్పు పట్టకుండా కాడ్మియం ఎక్కించే లైన్ల గురించి.

మొన్నటి వానకి నాకు తెలిసిన ఒక షెడ్‌లో పైరేకు కారి, నీళ్ళు నేరుగా పికిలింగ్ ట్యాంకులో (తుప్పు వదిలించే యాసిడ్ ట్యాంకు) పడ్డాయి. ట్యాంకు పొర్లి యాసిడ్ నేలమీదికొచ్చింది. నైట్ షిఫ్ట్ కుర్రాడు పైపు పెట్టి కడిగేశాడు, దగ్గర్లో కనిపించిన కాలవలోకి. ఆ కాలవ వెళ్ళేది సైనైడ్ సంపులోకి. కాసేపటికే తల తిరిగి కూలబడ్డాడు. వాణ్ణి లాగబోయినవాడూ పడ్డాడు. షట్టరు తెరిచి ఉంది, ఈదురుగాలి వీస్తోంది, అందుకే ఇద్దరూ బతికారు. హైదరాబాదులో నేను పని నేర్చుకునే రోజుల్లో ఇదే తప్పు మూసి ఉన్న షెడ్‌లో జరిగింది. అక్కడ బతకలేదు.

గ్లౌజులు, కళ్ళద్దాలు, గమ్ బూట్లు మీ గోడ మీద బోర్డులో ఉంటాయి. వాటి గురించి మళ్ళీ రాయను.

కాలవలు, సంపులు

కాడ్మియం బాత్‌లో, అంటే పూత ఎక్కించే ట్యాంకులో, ఉండేవి కాడ్మియం ఆక్సైడ్, సోడియం సైనైడ్, కాస్టిక్ సోడా. కాస్టిక్ బలం ఉన్నంతసేపు సైనైడ్ నీళ్ళలోనే అణిగి ఉంటుంది. యాసిడ్ తగిలిందా, హైడ్రోజన్ సైనైడ్ గ్యాసై లేస్తుంది. అది 26 డిగ్రీలకే మరిగేస్తుంది. మన షెడ్లలో అంత వేడి వానాకాలంలోనూ ఉంటుంది. చేదు బాదం వాసన వస్తుందంటారు గానీ చాలామంది ముక్కుకి ఆ వాసన తెలియనే తెలియదు. వాసన రాలేదు కదా అని అక్కడ నిలబడొద్దు.

మన లైన్‌లో అసలు చిక్కు ఇంకొకటుంది. కాడ్మియం ట్యాంకుకి ముందు పికిలింగ్ యాసిడ్, తర్వాత పసుపు రంగు రావడానికి ముంచే క్రోమేట్. అదీ యాసిడ్ సరుకే. అటూ ఇటూ యాసిడ్, నడుమ సైనైడ్. అందుకే రెండు వైపులా పార్టుల్ని నీళ్ళతో కడిగే రిన్స్ ట్యాంకులు వేరుగా ఉండాలి, వాటి నీళ్ళు పోయే కాలవలు వేరుగా ఉండాలి, చివరి సంపులూ వేరుగా ఉండాలి. ఖర్చు తగ్గుతుందని సంపు దగ్గర రెండూ కలిపేసిన షెడ్లు నేను చూశాను. ఓనర్ని అడిగితే "ఏటవుతాది బావూ, ఎంత నీళ్ళు గనక" అన్నాడు. బకెట్టెడు యాసిడ్ చాలు.

వాన మొదలవకముందే ప్రతి కాలవలో రంగునీళ్ళు పోసి ఎక్కడ తేలుతున్నాయో చూడండి. పాత డ్రాయింగు నమ్మొద్దు. మధ్యలో ఎవరో గోడ పగలగొట్టి పైపు కలిపేసి ఉంటారు.

గొట్టాలు, బోల్టు కన్నాలు, మూసుకుపోయిన రంధ్రాలున్న పార్టులు యాసిడ్‌ని లోపల దాచుకుని సైనైడ్ ట్యాంకులోకి తీసుకుపోతాయి. వాటిని తలకిందులు చేసి కారనిచ్చి, రెండుసార్లు కడగాలి. తొందరొద్దు.

బేకింగ్, కరెంటు

గట్టి స్టీలు పార్టులకి ప్లేటింగ్‌లో హైడ్రోజన్ ఎక్కుతుంది. దాన్ని బయటికి పంపడానికి ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి, 190 డిగ్రీల దగ్గర 23 గంటలు ఉంచాలి. ఆలస్యమైతే పార్టు చూడ్డానికి ఏమీ మారదు, కొలతలూ సరిగ్గానే వస్తాయి. తర్వాతెప్పుడో బరువు పడ్డప్పుడు ఫట్‌మని విరుగుతుంది. తిత్లీ తర్వాత ఉద్దానంలో కరెంటు ఎన్ని రోజులకి వచ్చిందో గుర్తుంది కదా. జనరేటరు 23 గంటలు నడుస్తుందన్న నమ్మకం లేకపోతే తుఫాను హెచ్చరిక ఉన్న రోజు గట్టి స్టీలు పార్టులు ఎక్కించొద్దు. ఆర్డరు లేటైతే తిట్టు పడుతుంది, పడనివ్వండి.

క్రోమేట్ బేకింగ్ తర్వాతే. ముందు ముంచితే ఆ వేడికి పొర పాడైపోతుంది.

ఇంకా:

సైనైడ్ డ్రమ్ములు నేలమీద పెట్టొద్దు. దిమ్మ మీద, తాళం వేసిన గదిలో ఉంచండి. తేమ గాలి తగిలినా మెల్లగా గ్యాసొస్తుంది.

ఆ గదిలో యాసిడ్ కార్బాయ్ (పెద్ద క్యాన్) ఒక్కటి కూడా పెట్టొద్దు. ఒక్క రాత్రికి కూడా.

అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఫైర్ సిలిండర్ వాడొద్దు, అదీ తడి సైనైడ్ నుంచి గ్యాస్ లేపుతుంది.

ట్యాంకుల పైన కారే రేకుల్ని ఈ వారమే మార్పించండి.

ట్యాంకుల్ని అంచుదాకా నింపొద్దు. జానెడు ఖాళీ ఉంచండి.

కరెంటు పోయి ఎగ్జాస్టు ఆగితే ట్యాంకుకి కరెంటిచ్చే రెక్టిఫయర్ కట్టేసి, అందరూ బయటికి. ఎమర్జెన్సీ లైటు వేసుకుని పని ముగించడాలు లేవు.

కాడ్మియం ఎక్కిన పార్టునీ, పార్టులు తగిలించే రాక్‌నీ వెల్డింగ్ చేయొద్దు, గ్యాస్ కటింగ్ చేయొద్దు. కాడ్మియం 321 డిగ్రీలకి కరుగుతుంది, 767కి మరుగుతుంది, వెల్డింగ్ మంట దగ్గర పొగై లేస్తుంది. ఆ పొగ పీల్చినవాడికి అప్పటికేమీ తెలియదు. రాత్రికి జ్వరం, ఛాతీ బిగుసుకోవడం. ఫ్లూ అనుకుని పడుకుంటాడు. పడుకోనివ్వొద్దు.

పసుపు బోల్టులన్నీ జింకు పూతవే అనుకోవద్దు, కాడ్మియం కూడా కావచ్చు. స్క్రాపు వాళ్ళకీ చెప్పండి.

పని బట్టలు ఇంటికి తీసుకెళ్ళొద్దు. కాడ్మియం ఒంట్లో చేరితే కిడ్నీల్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

షెడ్‌లో టీ, బీడీ, అన్నం లేవు.

యాసిడ్ ఒలికితే పైపు పెట్టి కడగొద్దు. ముందు కాలవకి ఇసుక బస్తా అడ్డం పెట్టండి. ఆ బస్తాలు ఇవాళే నింపి కాలవ పక్కన పెట్టుకోండి.

ఎవడైనా పడిపోతే వెనకాలే పరిగెత్తొద్దు. గాలి సిలిండర్ ఉన్న మాస్క్ లేకుండా ఎవరూ లోపలికెళ్ళొద్దు, అన్నదమ్ముడైనా సరే. గుడ్డ మాస్క్ దేనికీ పనికిరాదు. షట్టర్లు తెరవండి.

బయటికి తెచ్చాక నోట్లో నోరు పెట్టి ఊదొద్దు. ఊదినవాడూ పడతాడు.

108కి ఫోన్ చేసినప్పుడు మొట్టమొదట "సైనైడ్" అని చెప్పండి, మిగతా అడ్రసంతా తర్వాత. దానికి విరుగుడు మందు వేరే ఉంది, అది ఎక్కడుందో ఆసుపత్రివాళ్ళు ముందే వెతుక్కోవాలి. మీ దగ్గరి ఆసుపత్రిలో ఉందో లేదో ఈ సోమవారం వెళ్ళి అడిగి రండి.