ఫస్టియర్‌లో పిల్లలు కుదురుకోవడం లేదా? సమస్య - పరిష్కారం

దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్ల నుంచి వచ్చి డిగ్రీ హాస్టల్లో చేరే పిల్లల్ని ఏటా చూస్తుంటాను. వాళ్లు కుదురుకోకపోతే అన్నిటికీ ఇంటి పెంపకాన్నే అనకూడదు. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ పాఠాల్లో పడటం, మెస్ తిండి, చేతిలో డబ్బు లేకపోవడం లాంటివి ఉంటే ముందు అవి సరిచేయాలి. అవి కావని తేలాకే ఇంటి వైపు చూడాలి.

సమస్య: ప్రతి చిన్నదానికీ ఇంటికి ఫోన్
మా దగ్గర ఒకమ్మాయి ఎన్‌సీసీలో చేరాలా, ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాలా అని ఫారం పట్టుకుని వరండాలో నిలబడింది. ఫోన్లో వాళ్లమ్మ, "ఆగు బిడ్డా, మీ నాయనను అడిగి చెప్త" అంది. నాయన పొలంలో ఉన్నాడు, ఫోన్ ఇంట్లో ఉంది. సాయంత్రానికి ఎన్‌సీసీ పేర్లు నిండిపోయాయి.
కారణం: ఇంట్లో పెద్దలు, ఇంటర్‌లో స్టడీ అవర్ బెల్లు. తనంతట తాను తేల్చుకునే పని ఎప్పుడూ పడలేదు. అమెరికా మనస్తత్వవేత్త డయానా బౌమ్‌రిండ్ 1960లలో పెంపకాన్ని మూడు రకాలుగా విడదీసింది: ఆజ్ఞలే ఉండేది, గారాబమే ఉండేది, హద్దులు పెడుతూనే ఎందుకో చెప్పేది. ఈ పిల్ల మొదటి రకం ఇంట్లోంచి వచ్చింది.
పరిష్కారం: అడిగిన వెంటనే జవాబు చెప్పకండి. "నీకేమనిపిస్తుంది?" అని ముందు అడగండి. నెల ఖర్చు ఒకేసారి ఇచ్చి లెక్క తననే రాసుకోమనండి. దసరాకు ఇంటికొచ్చే బస్సు టికెట్ తననే చేసుకోనివ్వండి. పొరపాటు తేదీకి చేసుకుంటే ఆ డబ్బు పోనీ. అయితే, నిన్నటిదాకా అన్నీ మీరే చూసి, "ఇక నీ ఇష్టం" అని ఒక్కసారిగా వదిలేస్తే మాత్రం బెంబేలెత్తిపోతారు.

సమస్య: ఫెయిలైన సంగతి దాచడం
కారణం: భయం. మార్కులు తగ్గినప్పుడల్లా పక్కింటి పిల్లతో పోలిక విన్నవాళ్లు నిజం చెప్పరు.
పరిష్కారం: తెలిసిన రోజు మొదటి మాట "ఎందుకు పోయింది?" కాకుండా "సప్లీ ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడు?" అని ఉండాలి.

సమస్య: ఎవరినీ ఏదీ అడగకపోవడం
బట్టలు తామే ఉతుక్కుంటారు, జ్వరమొస్తే మాత్ర తామే తెచ్చుకుంటారు. పాఠం అర్థం కాకపోయినా లెక్చరర్ దగ్గరికి వెళ్లరు.
కారణం: 1983లో మాకబీ, మార్టిన్ అనే మనస్తత్వవేత్తలు బౌమ్‌రిండ్ జాబితాకు పట్టించుకోని పెంపకాన్ని నాలుగోదిగా చేర్చారు. పాలమూరులో ఆ ముద్ర తొందరపడి వేయొద్దు. కూలికి ముంబై, పుణె పోయిన అమ్మానాన్నలు పిల్లను నానమ్మ దగ్గర వదిలింది ప్రేమ లేక కాదు. కానీ అడిగితే పలికే పెద్ద దిక్కు లేక, అడగడమే మానేసింది ఆ పిల్ల.
పరిష్కారం: తల్లిదండ్రులు వారానికి ఒక రోజు, ఒకే వేళకు ఫోన్ చేయాలి. ఈ పిల్లల దగ్గరికి లెక్చరరే నడిచి వెళ్లాలి. "డౌట్స్ ఉంటే రండి" అంటే వీళ్లు రారు.

సమస్య: పదో తారీఖుకే డబ్బులైపోవడం, పొద్దుటి క్లాసులు ఎగ్గొట్టడం
కారణం: అడిగిందల్లా ఇచ్చిన గారాబం.
పరిష్కారం: మధ్యలో మళ్లీ పంపకండి. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు ఇబ్బందేనని తననే ఆఫీసులో కనుక్కోమనండి.

నిద్ర, తిండి మానేసినా, బతకాలని లేదన్నా పెంపకం లెక్కలు పక్కన పెట్టి ఆ రోజే హాస్టల్‌కు బయల్దేరండి. దారిలోనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.