మోటార్‌హోమ్‌లో గ్యాస్ లీకు: బండి కదిలే ముందే చూసుకోవాల్సినవి

మోటార్‌హోమ్‌లో (పడక, వంటిల్లు అమర్చిన బండిలో) కొన్నాళ్లు తిరిగొద్దామని ప్లాన్ వేసుకున్నవాళ్లు టైర్లు, బ్రేకులు, బ్యాటరీ అన్నీ చూసుకుంటారు. గ్యాస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సిలిండర్ నిండుగా ఉందా లేదా అని చూసి ఊరుకుంటారు. నాకు భయం వేసేది అక్కడే. ఇంట్లో గ్యాస్ పైపు ఒకసారి బిగించాక కదలదు. ఇక్కడ అలా కాదు. సిలిండర్, రెగ్యులేటర్, గొట్టం, స్టవ్వు, గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్, హీటర్, గీజర్ అన్నీ గతుకుల రోడ్డు మీద రోజంతా అదురుతూనే ఉంటాయి. నిన్న బిగుతుగా ఉన్న జాయింటు ఇవాళ సాయంత్రానికి కూడా అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ముందు ఈ సిలిండర్లలో ఉండే గ్యాస్, ప్రొపేన్ గుణం తెలుసుకోండి, తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ దాన్నుంచే వచ్చాయి. ఇది గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతూ మంచాల కిందికి, అల్మరాల అడుగుకి చేరి అక్కడే నిలబడుతుంది. గాలిలో దాని వాటా దాదాపు 2 శాతం నుంచి 9.5 శాతం మధ్య ఉంటే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 270 లీటర్ల గ్యాస్ అవుతుంది. ఆ లెక్కన లోపలి జాగా 20 ఘనమీటర్లు ఉన్న బండి మొత్తం అంటుకునే స్థాయికి రావాలంటే ఒకటిన్నర లీటర్ల ద్రవం సరిపోతుంది. అదీ సమంగా పరుచుకుంటేనే. గ్యాస్ కిందే పేరుకుంటుంది కాబట్టి నేల దగ్గర ఆ స్థాయి ఇంకా చాలా ముందే వస్తుంది.

"వాసన వస్తుంది కదా, తెలిసిపోతుందిలే" అని చాలామంది ధీమాగా ఉంటారు. దయచేసి ఆ ధీమా పెట్టుకోకండి. ప్రొపేన్‌కి సొంతంగా వాసన లేదు, ఆ కుళ్లిన వాసన కోసం ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. కొత్త సిలిండర్ లోపలి ఉక్కు గానీ, లోపల పట్టిన తుప్పు గానీ దాన్ని కొంత పీల్చేసుకోవచ్చు, అప్పుడు గ్యాస్ ఉన్నా వాసన పలచబడుతుంది. దానికి తోడు జలుబు, వయసు, కొన్ని జబ్బుల తర్వాత పోయిన వాసన శక్తి. అసలు ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది, ఇది అందరికీ జరిగేదే. ఇక గాఢ నిద్రలో ఉన్న మనిషిని వాసన లేపుతుందని అస్సలు అనుకోవద్దు.

అందుకే గ్యాస్ డిటెక్టర్. అది నేలకు దగ్గరగా, సాధారణంగా గోడ అడుగున ఉంటుంది. దాని ముందు బూట్లు, సంచులు, దుప్పట్లు పెట్టి మూసేయకండి, పిల్లలకీ ఇది చెప్పండి. దానికి ఆయుష్షు ఉంటుంది, చాలా మోడళ్లకు అయిదు నుంచి ఏడేళ్లు. వెనకవైపు ముద్రించిన తేదీ చూసి, గడువు దాటితే మార్చేయండి. లైటు వెలుగుతోంది కదా అని వదిలేయొద్దు, లోపలి సెన్సర్ పాతబడినా లైటు వెలుగుతూనే ఉండొచ్చు. టెస్ట్ బటన్ నొక్కి మోగుతోందో లేదో బయల్దేరే ముందు చూడండి. హెయిర్ స్ప్రే కొట్టినా, బండి బ్యాటరీ బాగా దిగిపోయినా కొన్ని డిటెక్టర్లు కూస్తాయి. ఆ చిరాకుతో దాని ఫ్యూజు పీకేసి పడుకునేవాళ్లున్నారు. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి. అలారం మోగితే నిజంగానే లీకైందని అనుకుని బయటికి రావాలి, కారణం ఏమిటన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు, అది కూడా ఉండాలి. సరిగా మండని స్టవ్వు, పొగ గొట్టం మూసుకుపోయిన హీటర్ ఆ విషవాయువును వదులుతాయి, దానికి రంగూ లేదు, వాసనా లేదు. బర్నర్ మంట నీలంగా కాకుండా పసుపుగా ఎగురుతుంటే మంట సరిగా లేదని అర్థం. వంట చేస్తున్నంతసేపూ ఓ కిటికీ, పైకప్పు వెంటు తెరిచి ఉంచండి. చలేస్తోందని స్టవ్వు వెలిగించి బండిని వేడి చేసుకోవద్దు, అది అందుకు చేసింది కాదు. కొన్ని బండ్లలో నేలలో చిన్న రంధ్రాలు ఉంటాయి, లీకైన గ్యాస్ కిందికి జారిపోవడానికి పెట్టినవి. చలిగాలి వస్తోందని గుడ్డలు కుక్కి వాటిని మూసేవాళ్లు ఎక్కువ. మూయకండి.

నిజంగా వాసన వస్తే, లేదా అలారం మోగితే ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను, బండిలో ఉన్న అందరికీ ఒకసారి చదివి వినిపించండి. స్టవ్వు వెలుగుతుంటే నాబ్ తిప్పి ఆర్పేయండి. లైటు స్విచ్ వేయకండి, వెలుగుతున్న లైటు తీయకండి కూడా, రెండింటిలోనూ రవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి గాలి బయటికి పంపుదామన్న ఆలోచన వద్దు. ఇంజిన్ స్టార్ట్ చేసి బండిని పక్కకి తీద్దామని అసలే వద్దు. ఫోన్ లోపల వాడకండి. అందరూ బయటికి వచ్చేయండి, బట్టలు, బ్యాగులు, పర్సు వెతుక్కుంటూ ఆగకండి, తలుపు తెరిచే ఉంచి వదిలేయండి. సిలిండర్ వాల్వు బయటివైపు అరలో ఉండి, అక్కడ మంట గానీ గట్టిగా బుస్సుమనే శబ్దం గానీ లేకపోతేనే, గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పి మూసేయండి. గాలి వచ్చే దిక్కుకి, పల్లం కాకుండా కాస్త ఎత్తున్న చోటికి నడిచి, దూరం వెళ్లాక ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి, పక్కన ఆగి ఉన్న బండ్లవాళ్లకీ చెప్పండి. వాసన తగ్గిపోయిందని తిరిగి లోపలికి వెళ్లొద్దు, తెలిసినవాళ్లు వచ్చి చూసి సరే అనాలి. గ్యాస్ మంట అంటుకుంటే నీళ్లో పౌడరో కొట్టి దాన్ని ఆర్పాలన్న తాపత్రయం పడకండి. వాల్వు మూయకుండా మంట మాత్రం ఆరిపోతే గ్యాస్ వస్తూనే ఉండి మళ్లీ ఒక్కసారిగా భగ్గుమంటుంది.

ఇక ప్రయాణానికి ముందు చేయాల్సిన పరీక్ష. ఇది చవక, అరగంట పని, ఎవరైనా చేయొచ్చు. గిన్నెలు కడిగే లిక్విడ్ కొంచెం నీళ్లలో కలిపి బ్రష్షుతోనో స్ప్రే సీసాతోనో సిద్ధం చేసుకోండి. అమ్మోనియా, బ్లీచ్ ఉన్న రకాలు వద్దు, ఇత్తడి, రాగి భాగాలను తినేస్తాయి. స్టవ్వు, హీటర్ లాంటివన్నీ ఆపి సిలిండర్ వాల్వు మాత్రం తెరిచి, వాల్వు మెడ దగ్గర, రెగ్యులేటర్‌కి రెండు వైపులా, గొట్టం రెండు చివరలా, చేయి అందే ప్రతి జాయింటు మీదా పూసి కాసేపు అలాగే చూడండి. బుడగలు ఉబ్బుతుంటే లీకు. వాల్వు మూసి, జాయింటు బిగించి, మళ్లీ పూయండి, అయినా బుడగ వస్తే ఆ గ్యాస్ వాడకండి, మెకానిక్ చూసేదాకా సిలిండర్ మూసే ఉంచండి. అగ్గిపుల్ల వెలిగించి చూడటం ఎవరు చెప్పినా వినొద్దు. సిలిండర్ మార్చిన ప్రతిసారీ, గతుకుల రోడ్డు మీద చాలా దూరం వచ్చాక కూడా ఇదే పరీక్ష మళ్లీ చేయండి.

గొట్టాన్ని వంచి చూడండి, పగుళ్లు, ఉబ్బు, రాపిడి గుర్తులు కనిపిస్తే ఇంకో సీజన్ లాగుదామనుకోకుండా మార్చేయండి. దాని మీద తేదీ ఉంటే అదీ చూడండి. రెగ్యులేటర్ చేసే పని చిన్నది కాదు: 20 డిగ్రీల వేడిలోనే సిలిండర్ లోపల ఒత్తిడి 7 బార్ల పైన ఉంటుంది, స్టవ్వుకి కావలసింది 30 మిల్లీబార్ల దగ్గరే (మిల్లీబార్ అంటే బార్‌లో వెయ్యో వంతు). అది పాడైతే మంట ఒక్కసారిగా ఎగుస్తుంది, లేదా ఊగుతూ మండుతుంది. దాని గాలి రంధ్రం కిందికి తిరిగి ఉండి, మట్టీ నీళ్లూ చేరకుండా మూతలో ఉండాలి. కొన్ని నెలలు బండి వాడకపోతే బర్నర్ గొట్టాల్లో సాలీళ్లు గూడు కడతాయి, అందుకే సీజన్ మొదట్లో హీటర్, గీజర్, ఫ్రిజ్ బర్నర్లు శుభ్రం చేయించుకోండి.

సిలిండర్ వాల్వు ఎప్పుడూ మెల్లగా తెరవండి. ఒక్కసారిగా తిప్పితే చాలా సెట్లలో ఉండే భద్రతా పరికరం, గొట్టం తెగిందేమో అనుకుని గ్యాస్‌ని దాదాపు ఆపేస్తుంది. మంట సన్నగా వస్తుంటే గ్యాస్ అయిపోయిందని అనుకోకుండా, మూసి కాసేపాగి మెల్లగా తెరిచి చూడండి. సిలిండర్ నిలబెట్టే, కదలకుండా కట్టి ఉంచాలి. పడుకోబెడితే గ్యాస్ బదులు ద్రవం గొట్టంలోకి వస్తుంది. 80 శాతం కంటే ఎక్కువ నింపకూడదు, ఎండకి ద్రవం వ్యాకోచించడానికి ఆ ఖాళీ కావాలి. అదనపు సిలిండర్‌ని మనుషులుండే భాగంలో పెట్టుకుని తీసుకెళ్లడం మానేయండి.

బండి నడుస్తున్నప్పుడు వాల్వు మూసి ఉంచడమే మేలని నా అభిప్రాయం. ఫ్రిజ్ గ్యాస్ మీద నడవాలి కదా అని వాదించేవాళ్లు ఉన్నారు, నిజమే, కానీ తలుపు తెరవకుండా ఉంచితే కొన్ని గంటలు చల్లగానే ఉంటుంది, చాలా ఫ్రిజ్‌లు బండి కరెంటు మీద కూడా నడుస్తాయి. ప్రమాదం జరిగితే గ్యాస్‌ని దానంతటదే ఆపే సెన్సర్ మీ బండిలో ఉంటే అది వేరే మాట. పెట్రోల్ బంకులోకి వెళ్లే ముందు మాత్రం ఎవరి బండైనా సరే, స్టవ్వు, ఫ్రిజ్ మంట, గీజర్, హీటర్ అన్నీ ఆపాల్సిందే. చలి పెరిగితే థర్మోస్టాట్ హీటర్‌ని దానంతటదే వెలిగిస్తుంది, అప్పుడు రవ్వ పుడుతుంది, ఇది చాలామందికి గుర్తుండదు. కొన్ని సొరంగాలు, ఫెర్రీలు గ్యాస్ సిలిండర్ల మీద పరిమితులు పెడతాయి, దారిలో అలాంటివి ఉంటే ముందే వాళ్ల నిబంధనలు చూసుకోండి.

బండి అద్దెకు తీసుకుంటుంటే తాళాలు చేతిలోకి వచ్చేలోపే సిలిండర్ అర తెరిపించి, వాల్వు మీ చేత్తో ఒకసారి మూసి తెరిచి చూడండి, డిటెక్టర్ ఎక్కడుందో అడిగి దాని తేదీ చదవండి. గడువు దాటి ఉంటే మార్చి ఇమ్మని గట్టిగా అడగండి. మొదటి రాత్రి పడుకునే ముందు మీతో వచ్చినవాళ్లందరి చేతా వాల్వు తిప్పించండి, డ్రైవర్ ఒక్కడికే తెలిస్తే సరిపోదు.