ఎండ, వాన, మంచు: ఏ కాలంలో బండికి ఏ సమస్య వస్తుంది, అప్పుడేం చేయాలి

రోడ్డు మీద ఏదైనా తేడా వచ్చినప్పుడు మనం కంగారులో ముందుగా చేసే పని చాలాసార్లు తప్పే అవుతుంది. టైరు వేడెక్కిందని గాలి తీయించడం, నీళ్లలో ఇంజిన్ ఆగితే వెంటనే సెల్ఫ్ కొట్టడం, మంచులో హైబీమ్ వేయడం. మూడూ సబబుగానే అనిపిస్తాయి, మూడూ నష్టం చేసేవే. అందుకే మీకు ముందు కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, దాని కారణం, ఆ తర్వాత చేయాల్సిన పని వరసలో రాస్తున్నాను.

ఎండాకాలం

ఒక టైరు మిగతావాటికంటే బాగా వేడిగా ఉంది, స్టీరింగ్ అటువైపే లాగుతోంది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో హైవే మీద ఆపకుండా నడిపితే టైర్లన్నీ వేడెక్కుతాయి, అది మామూలే. ఒక్క టైరే చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే మాత్రం అనుమానించాలి.

కారణం: చాలావరకు గాలి తక్కువ ఉండటమే. ఇది చాలామంది నమ్మరు. "ఎండాకాలం కదా సార్, రెండు పాయింట్లు తక్కువ పెడతా, లేకపోతే పేలుద్ది" అని గాలి కొట్టే కుర్రాడు కూడా అంటాడు. జరిగేది దానికి పూర్తిగా రివర్స్. గాలి తగ్గిన టైరు తిరిగే ప్రతిసారీ పక్కభాగం ఎక్కువగా నలుగుతుంది. ఆ నలుగుడుకు పుట్టే వేడికి లోపలి పొరలు విడిపోవడం మొదలవుతుంది. దానికి వంద దాటిన స్పీడు, పెళ్లికి వెళ్తున్న నిండు బండి తోడైతే టైరు పేలడానికి ఇంకేం కావాలి?

పరిష్కారం: బయల్దేరే రోజు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా గాలి చూపించండి. ఎన్ని పాయింట్లు పెట్టాలో డ్రైవర్ డోర్ తీస్తే పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. నిండు లోడుకు వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పెట్టించండి. దారి మధ్యలో చూపిస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ కనిపించవచ్చు. అది వేడికి పెరిగింది, తీయించకండి. తీయిస్తే టైరు చల్లారాక గాలి తక్కువైపోతుంది. స్టెప్నీకి కూడా అప్పుడే కొట్టించండి.

టైరు వయసు కూడా చూడాలి. పక్కభాగం మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. రోడ్డుకు పట్టునిచ్చే గాట్లు (ట్రెడ్) బాగానే ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో మే నెలలో హైవే ఎక్కడం నా దృష్టిలో అనవసరమైన సాహసం.

నడుస్తుండగా టైరు పేలితే బ్రేకు తొక్కొద్దు. స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా, తిన్నగా పట్టుకోండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. స్పీడు దానంతటదే తగ్గాక ఎడమ పక్కకు తీసుకోండి.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గినా, ఫ్యాన్ తిరగకపోయినా, రేడియేటర్ జాలీ మట్టితో పూడుకుపోయినా ఇలా అవుతుంది. ముందు ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. మండుటెండలో హీటరా అనిపిస్తుంది గానీ, ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగేది అదే. ముల్లు ఎర్రగీత చేరితే ఇంకో కిలోమీటరు లాగుదామని చూడకుండా పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. రేడియేటర్ మూత కనీసం అరగంట ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడితో మరుగుతున్న నీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి.

వానాకాలం

తొలకరి చినుకులకే బండి జారుతోంది

మృగశిర కార్తె తొలి వాన అందరికీ ఇష్టమే. బైకుల మీద వెళ్లేవాళ్లకు మాత్రం ఏడాదిలో జాగ్రత్తగా ఉండాల్సిన రోజుల్లో అదొకటి. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము, టైరు పొడి ఆ కొద్ది తడికి జిగురుగా తేలుతాయి. జోరువాన కొంతసేపు పడితే కొట్టుకుపోతాయి. అందుకే చినుకులు మొదలైన కాసేపు ఎక్కడైనా ఆగడం మంచిది. ఆగలేకపోతే స్పీడు తగ్గించి, ముందు బండికి మామూలుగా వదిలే దూరం రెట్టింపు వదలండి.

జోరువానలో స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోయింది

టైరుకీ రోడ్డుకీ మధ్య నీటి పొర చేరింది, బండి నీళ్ల మీద తేలుతోంది. బ్రేకు, స్టీరింగ్ రెండూ అప్పుడు పనిచేయవు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా ఉంచండి. టైరు మళ్లీ రోడ్డు అందుకుంటుంది. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. వానల ముందు అంతవరకు ఆగకపోవడమే మేలు.

అద్దం మసకబారింది, వైపర్ వేసినా పోవడం లేదు

మసక లోపలుందా బయటుందా అన్నది తేల్చుకోండి. లోపలి వైపు వేలితో ఒక గీత గీయండి. గీత పడితే ఆవిరి లోపలుంది. ఏసీ వేసి, గాలిని ముందు అద్దం మీదకు మళ్లించి, బయటి గాలి వచ్చేలా మీట మార్చండి. చేత్తో తుడిస్తే జిడ్డు మిగిలి, ఎదురు లైట్లకు ఇంకా మెరుస్తుంది. గీత పడకపోతే, ఏసీ మరీ చల్లగా ఉండి అద్దం బయటివైపు తేమ పడుతోందన్నమాట. ఏసీ కాస్త తగ్గించి వైపర్ వేస్తే పోతుంది.

నిలిచిన నీళ్లలో ఇంజిన్ ఆగిపోయింది

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. హైదరాబాద్‌లో ఒక గట్టి వాన పడితే చాలు, అండర్‌పాసుల్లో ఇదే కథ.

కారణం: గాలి లాగే గొట్టం ద్వారా నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి ఉండవచ్చు. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీళ్లను నొక్కలేదు. మళ్లీ సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది.

పరిష్కారం: తాళం ముట్టుకోవద్దు. వెనక ఎంత హారన్ కొట్టినా సరే. బండిని తోయించి నీళ్లలోంచి బయట పెట్టించి, టోయింగ్ వాళ్లను పిలవండి. మామూలు ఇన్సూరెన్స్‌లో ఇలా పాడైన ఇంజిన్‌కు సాధారణంగా డబ్బు రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. పాలసీ రెన్యువల్ చేసేటప్పుడు ఆ ఒక్క లైను ఉందో లేదో చూసుకోండి.

అసలు దిగాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవాలి. నీళ్లు చక్రం సగం దాకా ఉంటే దిగొద్దు. అంతకంటే తక్కువైతే ఫస్ట్ గేరులో, యాక్సిలరేటర్ వదలకుండా, మధ్యలో గేరు మార్చకుండా నెమ్మదిగా దాటండి. బయటికి వచ్చాక బ్రేకును మెల్లగా నాలుగైదుసార్లు తొక్కితే ఆరుతుంది.

పారే వాగు సంగతి పూర్తిగా వేరు. లోలెవెల్ కాజ్‌వే (వరదొస్తే నీళ్లు పైనుంచి పారే తక్కువ ఎత్తు వంతెన) మీద అడుగు లోతు ప్రవాహమే చిన్న కారును కదిలించగలదు, రెండడుగుల లోతుకు పెద్ద బండ్లు కూడా నిలవవు. కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనిపించదు. "రోజూ వెళ్లే దారే కదా" అన్న ధీమాతోనే ఏటా మనుషులు పోతున్నారు. అవతలి ఒడ్డున ఇల్లు కనిపిస్తున్నా సరే, వెనక్కి తిప్పేయండి.

కోతల కాలం

పల్లె రోడ్డు మీద బైకు ఒక్కసారిగా పక్కకు జారింది

ఖరీఫ్ కోతలప్పుడు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజల మీద టైరుకు పట్టు దొరకదు. రాత్రిపూట అసలు ప్రమాదం గింజలతో కాదు. కుప్పల మీద కప్పిన నల్ల టార్పాలిన్, అది ఎగరకుండా చుట్టూ పెట్టిన రాళ్లు. లైటు వెలుగులో కూడా దగ్గరికి వచ్చేదాకా ఆనవు. కోతల రోజుల్లో పల్లె దారుల్లో చీకటి పడ్డాక నలభై దాటకండి. గింజల మీదకు ఎక్కేశాక బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, తిన్నగా పోనివ్వండి.

రైతును తిట్టి లాభం లేదు. కల్లం ఉన్నవాడు రోడ్డుకు ఎందుకొస్తాడు? ఊరికి నాలుగు సిమెంటు కల్లాలు కట్టిస్తే ఇందులో చాలా భాగం తీరిపోయే సమస్య. రాళ్ల పక్కన ఒక రేడియం స్టిక్కర్ అంటించిన డబ్బా పెట్టమని మాత్రం మన ఊళ్లో మనం చెప్పవచ్చు.

చలికాలం

లైట్లు వేసినా ముందు తెల్లగోడ తప్ప ఏమీ కనిపించడం లేదు

కారణం: హైబీమ్. పొగమంచులోని నీటి తుంపరలకు తగిలి ఆ వెలుగంతా మీ కళ్లలోకే తిరిగొస్తుంది.

పరిష్కారం: లోబీమ్‌కు దించండి, ఫాగ్ లైట్లుంటే వేయండి. రోడ్డు ఎడమ అంచు తెల్లగీతను పట్టుకుని వెళ్లండి. ముందు లారీ వెనక లైట్ల వెంట అతుక్కుని వెళ్లడం వద్దు. అది ఆగితే మీకు ఆగే దూరం ఉండదు. పాటలు ఆపి అద్దం కాస్త దించితే కనిపించనివి చెవికి తెలుస్తాయి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లు వేయకండి. మీరు ఏ పక్కకు తిరుగుతున్నారో వెనకవాళ్లకు తెలియదు. డెల్టాలో కాలువ గట్ల మీద రోడ్లకు చాలాచోట్ల తెల్లగీతా ఉండదు, రెయిలింగూ ఉండదు. అక్కడ తెల్లారి ఎండ వచ్చేదాకా బయల్దేరకపోవడమే పరిష్కారం.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి బయల్దేరేవాళ్లు సూర్యాపేట, కోదాడ, నందిగామ ప్రాంతాలకు సరిగ్గా మంచు దట్టంగా ఉండే వేళకు చేరతారు. అప్పటికి డ్రైవరుకు నిద్ర కూడా ముంచుకొస్తుంటుంది. వీలైతే తెల్లారాక బయల్దేరండి. దారిలో ఆగాల్సి వస్తే బంకులోకో, హోటల్ ఆవరణలోకో పూర్తిగా లోపలికి తీసుకెళ్లండి. రోడ్డు వారన ఆపిన బండిని మంచులో వెనకవాళ్లు నడుస్తున్న బండి అనుకుని వచ్చి గుద్దేస్తారు.

ఘాట్ దిగుతుంటే కాలిన వాసన, బ్రేకు మెత్తబడింది

అరకు, లంబసింగి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యేది ఈ కాలంలోనే. దిగువకంతా బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే ప్యాడ్లు కాగిపోయి పట్టు వదులుతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే గేరు, స్పీడును ఇంజినే ఆపుతుంది. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్ చేయడం అస్సలు వద్దు. వాసన వచ్చిందంటే విశాలమైన చోట ఆపి చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు పోయకండి, వేడి డిస్కు వంకర తిరుగుతుంది.

జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు, ఎవరికైనా దెబ్బలు తగిలితే 108కి ఫోన్ చేయండి. ఆ ఫోన్ చేసేది కూడా బండిలో కూర్చుని కాదు. అందరూ దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లాక.