లయ పాఠాలు – 3: దెబ్బకు ముందే చెయ్యి కదలాలి

పోయిన పాఠంలో నాలుగు లెక్కకు చప్పట్లు కుదిరాయి. ఈసారి చేతికి చెక్కలు తీసుకోండి. చెక్కభజన చెక్కలు దొరక్కపోతే రెండు కొయ్య గరిటెలతో కానిచ్చేయొచ్చు. ఫోన్‌లో ఒక మెట్రోనోమ్ యాప్ (సమానమైన ఎడంతో టిక్కు టిక్కుమనేది), స్టాప్‌వాచ్ ఉండాలి. వీటికన్నా ముఖ్యంగా తోడు ఒకరు కావాలి. ఒంటరిగా చేస్తే ఈ పాఠం సగమే వస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష. కళ్ళు మూసుకోండి. మీ తోడును లెక్కాపత్రం లేకుండా, తోచినప్పుడల్లా ఒక చప్పట కొట్టమనండి. వినబడగానే మీరూ కొట్టాలి. ఎంత చురుకైనవాళ్ళయినా ప్రతిసారీ వెనకబడతారు. చెవికి చేరిన చప్పుడుకు చెయ్యి బదులివ్వడానికి సుమారు 0.15 నుంచి 0.2 సెకను పడుతుంది మరి. ఇప్పుడు అదే మనిషిని సమానమైన ఎడంతో కొట్టమనండి. మూడో చప్పటకో నాలుగో చప్పటకో ఇద్దరి చేతులూ ఒక్కటిగా పడతాయి. చెవి వేగం పెరిగిందా? లేదు. రెండు చప్పట్ల మధ్య ఎడాన్ని మెదడు కొలిచి పెట్టుకుంది, తర్వాతి చప్పట ఇంకా పడకముందే చెయ్యిని బయలుదేరదీసింది. మెట్రోనోమ్‌తో వేలు తట్టించి కొలిచిన ప్రయోగాల్లో, సంగీతం నేర్వనివాళ్ళు టిక్కు కన్నా సెకనులో కొన్ని వందో వంతులు ముందే తట్టేస్తారు. అది తప్పు కాదు, చెయ్యి ముందుచూపుతో నడుస్తోందనడానికి గుర్తు.

మనిషి సంగీతం వెనకున్న కీలకం ఇదేనని మా లెక్క. చార్లెస్ డార్విన్ 1871లో, పాట జతను ఆకట్టుకోవడానికి పుట్టిందన్నాడు. జోలపాటే మొదటిదనేవాళ్ళున్నారు. గుంపును కలిపి ఉంచడానికి పుట్టిందనేవాళ్ళూ ఉన్నారు. ఏదో ఒక్కటే నిజం కానక్కర్లేదు. అయితే పదిమంది ఒకే దెబ్బ మీద కలవగలగడం అన్నది జంతువుల్లో చాలా అరుదు. 2009లో స్నోబాల్ అనే కాకతువ్వ (చిలుక జాతి పక్షి) పాట వేగం మారిస్తే తల ఊపు కూడా మార్చుకుంటుందని తేలింది. గొంతుతో అనుకరించగల ప్రాణులకే ఇది సాధ్యమేమో అనుకుంటుండగా, 2013లో రోనన్ అనే సముద్ర సింహం, అలాంటి అనుకరణకు పేరు లేని జాతిది, దెబ్బకు సరిగ్గా తల ఆడించి ఆ లెక్క తారుమారు చేసింది. మనిషి పిల్లకైతే ఈ పని పుట్టుకతోనే మొదలు. రెండు మూడు రోజుల పసికందుకు తాళం వినిపిస్తూ ముఖ్యమైన దెబ్బ ఒకటి ఎగ్గొడితే, ఆ లోటును మెదడు పసిగట్టిందని 2009లోనే నమోదైంది.

ఎముకలూ రాళ్ళూ చెప్పేది ఇందులో కొంతే. జర్మనీలో హోలె ఫెల్స్ గుహలో 2008లో దొరికిన రాబందు ఎముక పిల్లనగ్రోవికి ఐదు రంధ్రాలు, 35 వేల ఏళ్ళకు పైబడిన వయసు. మన అనంతపురం పొలిమేర దాటి బళ్ళారి వైపు పోతే, కప్పగల్లు కొండ మీద కొత్త రాతియుగపు మనుషులు కొట్టి కొట్టి గుంటలు పడిన నల్లరాళ్ళు ఉన్నాయి. వాటిని ఇంకో రాయితో కొడితే ఖంగుమంటాయి. చప్పట్లు మాత్రం మట్టిలో దొరకవు.

ఇక సాధన. మెట్రోనోమ్‌ను నిమిషానికి 100కు పెట్టండి, అంటే టిక్కుకూ టిక్కుకూ మధ్య 0.6 సెకను. పదహారు టిక్కులు ఊరికే వినండి, పదిహేడో దాని మీద చెక్కలు కలపండి. రెండు చెక్కల మధ్య ఎడం రెండు వేళ్ళు మించకూడదు. మొదట్లో అందరూ జోరు కోసం చెయ్యి బారుగా తెరుస్తారు, చెక్క అంత దూరం తిరిగొచ్చేసరికి దెబ్బ ఆలస్యమవుతుంది. నిలకడ వచ్చాక ఫోన్ శబ్దం ఎనిమిది టిక్కులు ఆపి, ఎనిమిది పెట్టండి. మీరు మాత్రం ఆపొద్దు. శబ్దం తిరిగొచ్చినప్పుడు మీ దెబ్బ దాని మీదే పడుతుంటే లయ మీలో కుదిరినట్టే.

తర్వాత వేగం 30కి దించండి. ఇప్పుడు ఎడం రెండు సెకన్లు. చాలామందికి ఇక్కడ చెయ్యి తడబడుతుంది, మళ్ళీ టిక్కు విన్నాకే కొట్టడం మొదలవుతుంది. అంత పొడుగు ఎడాన్ని మెదడు ఒక్క ముక్కగా పట్టుకోలేదు. దాన్ని లోలోపల "త-క-ధి-మి" అని నాలుగు ముక్కలు చేయండి, ముక్కకు అర సెకను. పెదవి కదపకుండా అనుకుంటే చాలు, చెయ్యి కుదురుకుంటుంది.

తోడుతో చేయాల్సింది రోకటి సాధన. ఒక్క రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు కొర్రలు దంచేటప్పుడు చూసినవాళ్ళకు తెలుసు: ఒక రోకలి దిగుతుంటే రెండోది లేస్తుంటుంది, "సువ్వి" అనే మాట దెబ్బ మీదే పడి ఊపిరిని బయటికి నెడుతుంది. ఎదుటి రోకలి దిగింది చూశాక నాది ఎత్తుదామనుకుంటే పని నత్తనడక నడుస్తుంది. తగులుతుందేమోనని భయపడితే ఉరుకుతుంది. మీరు రోకళ్ళతో మొదలుపెట్టకండి, వేళ్ళు నలుగుతాయి. నేలమీద మడిచిన గోనెసంచి పరిచి, చెరొక కర్ర పట్టుకుని, 100 వేగం దగ్గర ఒకరి తర్వాత ఒకరు. ప్రతి ఒక్కరికీ 1.2 సెకనుకు ఒక దెబ్బ వస్తుంది. ఎదుటివాళ్ళ కర్ర కొసను చూడొద్దు, భుజాన్ని చూడండి. భుజం ముందే చెప్పేస్తుంది.

ఇద్దరు కలిస్తే ఇంకో జబ్బు పట్టుకుంటుంది. తెలియకుండానే వేగం పెరుగుతుంది. ఒంటరిగా కొట్టేవాళ్ళకన్నా జంటగా కొట్టేవాళ్ళు ఎక్కువ ఉరుకుతారని ప్రయోగాలూ చెప్పాయి. ఎవరు కాస్త ముందు పడినా రెండోవాళ్ళు ఆ అంతరాన్ని సర్దుకుంటూ ముందుకే జరుగుతారు. భజన మధ్యలో గురువు కావాలని వేగం పెంచడం వేరు, ఇది వేరు. దీన్ని పట్టుకోవాలంటే ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డు చేయండి. మొదటి 32 దెబ్బలకు 19.2 సెకన్లు రావాలి. ఒకటో దెబ్బ మీద స్టాప్‌వాచ్ మొదలుపెట్టి 33వ దెబ్బ మీద ఆపాలి, 32 మీద ఆపితే ఒక ఎడం తగ్గి లెక్క చెడుతుంది. చివరి భాగంలో 17 సెకన్లే వచ్చిందంటే మీరు 113 దగ్గరికి జారారు.

గుడి ముందు వలయంగా నిలబడి చేసేవాళ్ళకు ఒక మాట. గాలిలో చప్పుడు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, కాబట్టి పది మీటర్ల అవతలున్న గురువు దెబ్బ మీకు 0.03 సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. అది సర్దుకోవచ్చు. ఊరేగింపులో ముప్పై మీటర్ల వెనకున్నవాళ్ళకు మాత్రం దాదాపు 0.09 సెకను తేడా, అక్కడ చెవిని నమ్ముకుంటే తాళం చీలుతుంది. గురువు కాలి గజ్జెలను కాదు, కాలిని చూసి కొట్టండి.

రోజుకు పావుగంట చొప్పున వారం చేసి, రికార్డులన్నీ తీసేయకుండా ఉంచండి. వచ్చే పాఠంలో ఏడు లెక్కకు వెళ్తాం, వాటితో పని ఉంటుంది.