బరువు తగ్గే ఇంజెక్షన్ ప్రైవేటుగా కొంటున్నారా? ఇంట్లో చెప్పకపోయినా జీపీకి చెప్పండి

బ్రిటన్‌లో ఆన్‌లైన్ ఫార్మసీలో మౌంజారోకో వెగోవీకో ఆర్డర్ పెడితే, ఫారం చివర్లో సాధారణంగా ఒక ప్రశ్న ఉంటుంది: ఈ మందు సంగతి మీ జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకు) తెలియజేయమంటారా? అప్పటిదాకా ఎత్తు, బరువు, పాత జబ్బులు అన్నీ ఓపిగ్గా నింపినవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి ఆగిపోతారు. నేను ఇంగ్లండ్‌లో ఒక ఫార్మసీలో పనిచేస్తున్నాను. నా నోట తెలుగు వినగానే మనవాళ్లు కాస్త పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగేది ఇదే. "వద్దు అని నొక్కొచ్చా అక్కా?"

నొక్కొచ్చు. మీ ఆరోగ్య వివరాలు ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం. కానీ నొక్కవద్దనే నేను చెబుతాను. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో తేలే విషయం కాదిది.

ఎందుకు దాస్తారో నాకు తెలుసు. పెళ్లి సంబంధాలు చూస్తున్న అమ్మాయి గురించి "ఇంజెక్షన్లు పొడుచుకుని సన్నబడిందట" అన్న మాట ఒకసారి బయటికొస్తే ఎంత దూరం పోతుందో తెలుసు. నెలకు అంత డబ్బు పోస్తున్నావా అని ఇంట్లో గొడవ. ఇక కొన్ని ఊళ్లలో జీపీ కూడా మనవాళ్లే. ఉగాది ఫంక్షన్‌లో పక్క కుర్చీలో కూర్చునే డాక్టరుగారికి మన బరువు సంగతి తెలియడమంటే ఎవరికైనా ఇబ్బందే. ఆ బెరుకును నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఇంట్లోవాళ్ల దగ్గర దాచడం, వైద్యం చేసే మనిషి దగ్గర దాచడం ఒకటి కాదు. మొదటిదానికి ఎన్ని దారులున్నాయో కింద చెబుతాను. రెండోది మాత్రం ప్రమాదం.

ఒకావిడ మా కౌంటర్ దగ్గరికి కడుపునొప్పికి మాత్రలు కావాలని వచ్చింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అంటే లేదంది. నిలబడలేక కౌంటర్ పట్టుకుని వంగిపోతోంది, నొప్పి వీపులోకి పాకుతోందంటోంది. లోపలి గదికి తీసుకెళ్లి తలుపు వేసి మళ్లీ అడిగితే, అప్పుడు చెప్పింది, మూడు నెలలుగా మౌంజారో వేసుకుంటున్నానని. భర్త బయట కార్లో ఉన్నాడు, ఆయనకు తెలియదు. జీపీకి తెలియదు. ఈ ఇంజెక్షన్లతో అరుదుగా క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది, తగ్గకుండా వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి దాని ముఖ్య లక్షణం. వెంటనే ఆసుపత్రికి పంపించాం. నేను ఆ తలుపు వేసి అడగకపోయుంటే రెండు పారాసిటమాల్ స్ట్రిప్పులు తీసుకుని ఇంటికి వెళ్లిపోయేది.

దాపరికం వల్ల ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. ఇంగ్లండ్‌లో మీరు ఎమర్జెన్సీకి వెళితే డాక్టరు తెరిచి చూసే సమ్మరీ కేర్ రికార్డు మీ జీపీ రికార్డు నుంచి తయారవుతుంది. మీరు ప్రైవేటుగా కొన్న మందు జీపీ ఎక్కించుకుంటే తప్ప అందులో ఉండదు. స్పృహలో ఉంటే మీరే చెప్పుకుంటారు. లేకపోతే?

జీపీకి తెలియకపోతే వచ్చే చిక్కులు ఇంకా ఉన్నాయి. ఆరు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గి ఏదో దగ్గుకని వెళతారు. కారణం తెలియని బరువు తగ్గుదల కనిపిస్తే డాక్టరు క్యాన్సర్ కాదు కదా అని చూడాల్సిందే. రక్తపరీక్షలు, స్కాన్లు, అన్ని రోజులూ గుండె దడ. షుగరుకు గ్లిక్లజైడ్, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకు ఈ ఇంజెక్షన్ తోడైతే షుగరు బాగా పడిపోవచ్చు. వాటి మోతాదు తగ్గించాలి, ఆ పని జీపీయో షుగరు క్లినిక్కో చేయాలి. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లు, రంజాన్ ఉపవాసాలు పాటించేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తపరీక్షలు దగ్గర దగ్గరగా చేయాల్సి వస్తుంది. బరువు తగ్గేకొద్దీ థైరాయిడ్ మాత్ర మోతాదు కూడా మారవచ్చు.

ఆడవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటూ మౌంజారో మొదలుపెడితే ఆ మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. మొదలుపెట్టాక నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ కూడా వాడమని ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ చెబుతోంది. పీసీఓఎస్ ఉండి నెలసరి సరిగా రాని వాళ్లకు బరువు తగ్గగానే అండం విడుదల కావడం మళ్లీ మొదలవ్వచ్చు. "నాకెలాగూ రాదులే" అనుకున్నవాళ్లకే గర్భం వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందులు వాడకూడదు. పిల్లల కోసం ప్రయత్నించాలనుకుంటే మౌంజారోను కనీసం ఒక నెల ముందు, వెగోవీని రెండు నెలల ముందు ఆపాలి. ఈ మాట జీపీతోనో నర్సుతోనో మాట్లాడాల్సినది.

ఆపరేషన్ సంగతి కూడా. ఈ మందు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది. రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నా కడుపులో తిండి మిగిలిపోయి, మత్తులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందని 2025 జనవరిలో ఎంహెచ్‌ఆర్‌ఏ హెచ్చరించింది. పన్ను తీయించుకోవడానికైనా సరే, గాఢమైన మత్తు ఇస్తామంటే ముందే చెప్పండి. ఎవరినీ అడగకుండా సొంతంగా డోసు ఆపేయకండి, మత్తు డాక్టరు ఏం చేయమంటే అది చేయండి.

ఇక రహస్యం సంగతి. జీపీకి ఉత్తరం వెళితే ఊరంతా తెలుస్తుందన్న భయం ఉంది కదా, ఆ ఉత్తరం అసలు ఎక్కడికి పోతుందో చూద్దాం. అందులో మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, మీ బరువు వివరాలు ఉంటాయి. జీపీ క్లినిక్ (ఇక్కడ ప్రాక్టీస్ అంటారు) సిబ్బంది దాన్ని మీ రికార్డులో పెడతారు. రిసెప్షనిస్టు నుంచి డాక్టరు దాకా అందరూ గోప్యతకు కట్టుబడాల్సిందే. మీ రికార్డు ఎవరు తెరిచారో కంప్యూటర్‌లో జాడ ఉంటుంది, అనుమానముంటే ఎవరెవరు చూశారో చెప్పమని ప్రాక్టీస్ మేనేజరును అడగవచ్చు. తెలిసిన డాక్టరు దగ్గర ఇబ్బందిగా ఉంటే అదే ప్రాక్టీస్‌లో వేరే డాక్టరును అడగండి, లేదా ప్రాక్టీసే మార్చుకోండి.

కంపెనీకి తెలుస్తుందా అని అడుగుతారు. మీ అనుమతి లేకుండా యజమానికి జీపీ రికార్డు ఇవ్వరు. అనుమతి ఇచ్చినా, 1988 నాటి మెడికల్ రిపోర్టుల చట్టం ప్రకారం ఆ రిపోర్టు పంపక ముందే చూసే హక్కు మీకుంది. ఇల్లు కొనేటప్పుడు తీసుకునే జీవిత బీమాకూ ఇదే చట్టం వర్తిస్తుంది. అయితే బీమా ఫారంలో మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే నిజమే రాయాలి. జీపీకి చెప్పలేదు కాబట్టి వీళ్లకూ తెలియదులే అని వదిలేస్తే, రేపు క్లెయిమ్ సమయంలో మీ కుటుంబం ఇబ్బంది పడుతుంది.

అసలు రహస్యం బయటపడేది జీపీ దగ్గర కాదు, ఇంట్లోనే. భార్యాభర్తలిద్దరికీ ఒకే ఈమెయిల్. ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ యాప్ తెరిచి ఉన్న ఫోను సోఫా మీద. ఇద్దరూ చూసే బ్యాంకు ఖాతాలోంచి ఫార్మసీకి చెల్లింపు. కాబట్టి మందు ఆర్డర్ పెట్టకముందే సొంత ఈమెయిల్ తెరుచుకోండి, ఆఫీసు ఈమెయిల్ అసలు వాడొద్దు. యాప్‌కు మీ ఒక్కరికే తెలిసిన పాస్‌వర్డ్ పెట్టండి. మీ తరఫున రికార్డు చూసే అనుమతి గతంలో ఎవరికైనా ఇచ్చి ఉంటే సరిచూసుకోండి. ఇంట్లో బెదిరింపులు, నిఘా ఉన్నవాళ్లయితే ఆ మాట ప్రాక్టీస్‌కు చెప్పండి. కొన్ని వివరాలు యాప్‌లో కనబడకుండా, డాక్టర్లకు మాత్రం కనబడేలా పెట్టే వీలుంది. ఇది చాలామందికి తెలియదు.

పార్సిల్ గురించి ముందే అడగండి: పెట్టె మీద ఏం రాసి ఉంటుంది, సంతకం కావాలా, దగ్గర్లోని ఫార్మసీకి వెళ్లి తీసుకోవచ్చా అని. తెరవని ఇంజెక్షన్ పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఈస్ట్ హామ్‌లో నలుగురు కుర్రాళ్లు ఒక ఫ్రిజ్ పంచుకునే ఇంట్లో దాన్ని ఆవకాయ డబ్బా వెనక దాచడం కుదరదు, ఎవరో ఒకరు ఫ్రీజర్‌లోకి తోసేస్తారు. వాడటం మొదలుపెట్టిన మౌంజారో పెన్ను 30 డిగ్రీలు దాటని చోట 30 రోజుల దాకా బయట ఉండొచ్చు, కాబట్టి మీ గదిలోనే పెట్టుకోవచ్చు.

ఫారం నింపేటప్పుడు బరువు ఎక్కువ రాసేవాళ్లను చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. 2025 ఫిబ్రవరి నుంచి ఫార్మసీలను నియంత్రించే జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ నిబంధనలు గట్టిపడ్డాయి. ప్రశ్నపత్రమో ఫోటోనో ఒక్కటే నమ్మి ఈ మందు ఇవ్వకూడదు, వీడియో కాల్‌లోనో, మీ వైద్య రికార్డులు చూసో, జీపీని అడిగో వివరాలు నిర్ధారించుకోవాలి. మీరు జీపీకి చెప్పవద్దన్నా, అసలు జీపీయే లేకపోయినా, మందు ఇవ్వడం సబబేనా అని ఫార్మసీ ఆలోచించి, ఇస్తే ఎందుకిచ్చారో రాసిపెట్టాలి. అంటే ఏ ప్రశ్నా అడగకుండా ఇచ్చేస్తున్న చోటును మీరే అనుమానించాలి. మామూలుగా ఈ మందు ఇవ్వాలంటే బీఎంఐ (ఎత్తుకు బరువు లెక్క) 30 ఉండాలి, బరువుతో ముడిపడిన జబ్బు ఏదైనా ఉంటే 27 చాలు. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగరు, గుండెజబ్బుల ముప్పు మొదలవుతుంది కాబట్టి ఎన్‌హెచ్‌ఎస్ మార్గదర్శకాల్లో మనకు 2.5 తగ్గించి చూస్తారు. 165 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోలు అంటే బీఎంఐ 27.5 అవుతుంది. అబద్ధం రాసే బదులు, భారతీయులకు మీరు ఏ లెక్క తీసుకుంటారని అడగండి.

బరువు చూపే ఫోటోలు ఆ ఫార్మసీ సొంత సైట్లో, మీ ఖాతాలోకి లాగిన్ అయి మాత్రమే ఎక్కించండి. వాట్సాప్‌లో పంపమంటే ఆపేయండి. ఫార్మసీ పేరు కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో అయిదు నిమిషాల్లో చూడొచ్చు. మార్కెటింగ్ మెయిళ్లకు అనుమతి అడిగే గడిలో టిక్ తీసేయండి. మీ గురించి ఏం దాచుకున్నారో చూపమని అడిగే హక్కు ఉంది, సాధారణంగా నెలలోగా ఇవ్వాలి. కానీ మందు ఇచ్చిన రికార్డును మాత్రం మీరు అడిగినంతనే తుడిచేయరు, దాన్ని ఉంచాల్సిన బాధ్యత వాళ్లకుంది.

2025 సెప్టెంబరు 1న మౌంజారో ధర పెరిగింది. అత్యధిక మోతాదు జాబితా ధర 122 పౌండ్ల నుంచి 330 పౌండ్లకు పోయింది. అప్పటి నుంచి మనవాళ్లు నెలకో ఫార్మసీ మారుతున్నారు. మారడం తప్పు కాదు. అయితే ఏ ఒక్క ఫార్మసీ దగ్గరా మీ కథ పూర్తిగా ఉండదు. ఎప్పుడు మొదలైంది, ఏ మోతాదు దాకా వెళ్లారు, ఎప్పుడు వాంతులయ్యాయి, ఇవన్నీ ఒకచోట ఉండాలంటే అది జీపీ రికార్డే. ధర భారమై ఫేస్‌బుక్‌లో, సెలూన్లలో, తెలిసినవాళ్ల తెలిసినవాళ్ల దగ్గర కొనేవాళ్లూ ఉన్నారు. 2025 అక్టోబరులో నార్తాంప్టన్‌లో ఇలాంటి ఇంజెక్షన్లు దొంగచాటుగా తయారుచేస్తున్న చోటును అధికారులు పట్టుకున్నారు. ఆ పెన్నులో ఏముందో ఏ డాక్టరూ చెప్పలేడు.

ఇండియా నుంచి తెప్పించుకునేవాళ్లకూ ఒక మాట. అక్కడ 2025 మార్చిలో మౌంజారో మొదట సీసాల్లో వచ్చింది, సిరంజితో కొలిచి ఎక్కించుకోవాలి. ఇక్కడి పెన్నుకు అలవాటుపడ్డ చెయ్యి అక్కడ పొరబడవచ్చు. చుట్టాల సూట్‌కేసులో విమానం కింద భాగంలో వచ్చిన మందు గడ్డకట్టిందో లేదో మీకు తెలిసే దారి లేదు. మీరే ప్రయాణం చేస్తుంటే చేతి బ్యాగులో, ప్రిస్క్రిప్షన్ కాపీతో తీసుకెళ్లండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డాక్టరుకు చూపించుకోవాల్సి వస్తే అక్కడా ఈ మందు సంగతి ముందే చెప్పండి.

చాలామంది విద్యార్థులు అసలు జీపీ దగ్గర పేరే నమోదు చేసుకోరు. ఇంగ్లండ్‌లో నమోదుకు డబ్బు కట్టక్కర్లేదు, అడ్రస్ ఆధారమో వీసా కాగితమో లేదని నిరాకరించకూడదు. ముందు ఆ పని చేయండి. తర్వాత ఫార్మసీ ఫారంలో జీపీ ప్రశ్నకు అవును అని నొక్కండి. రెండు వారాలాగి యాప్‌లో చూడండి, ఉత్తరం ఎక్కకపోతే ప్రాక్టీస్‌కు ఆన్‌లైన్‌లో నాలుగు ముక్కలు రాయండి: టిర్జెపటైడ్ (మౌంజారోలోని మందు పేరు) ప్రైవేటుగా వాడుతున్నాను, ఫలానా తేదీన మొదలుపెట్టాను, వారానికి ఇంత మోతాదు, బయట ఇచ్చిన మందుగా నా రికార్డులో చేర్చండి అని. జీపీ జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టు కాదు, ఆ మందు ఇకపై ఆయనే రాస్తారని కూడా కాదు. రికార్డులో ఉంటే చాలు.

మోతాదు మారినప్పుడు ఆ ముక్క రాయండి. మందు ఆపేసినప్పుడు కూడా రాయండి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఏదో ఆపరేషన్‌కు వెళితే, మానేసిన మందు ఇంకా వాడుతున్నట్టే డాక్టరు తెర మీద కనిపిస్తుంది.