మారేడుమిల్లి అడవిబాటకు పిల్లలతో బయలుదేరే ముందు

మారేడుమిల్లి పరిసరాల్లో నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వర్షాకాలంలో చిన్నపిల్లలతో వెళ్లే ఆలోచనను వాయిదా వేసుకోవడమే మంచిది.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త నీటి దగ్గర అవసరం. జలతరంగిణి, అమృతధార జలపాతాల వద్ద, పాములేరు వాగులో నీరు పైకి నిశ్చలంగా కనిపించినా అడుగున పాచి పట్టిన బండలు, హఠాత్తుగా లోతయ్యే మడుగులు ఉండవచ్చు. పైగా ఎగువ కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా, వాగు చూస్తుండగానే పొంగుతుంది. అందుచేత మోకాలి లోతు నీటిలో కూడా పిల్లల చేయి వదలకూడదు; ఈత వచ్చునన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం కనుక నిండు చేతుల చొక్కాలు, దోమల నివారణ లేపనం, రాత్రి బసకు దోమతెర తప్పనిసరి. ఇంటికి తిరిగి వచ్చిన కొన్ని వారాలకు జ్వరం వచ్చినా, ఈ ప్రయాణం సంగతి వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. బసలోని వారికి దారి, వేళ చెప్పి, స్థానికుడైన గైడును వెంట తీసుకొని, సాయంత్రం 4 గంటలకల్లా వెనుదిరగాలి. పాము కాటేస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం వంటివి చేయక, కాటుపడిన అవయవాన్ని కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులయ్యే పిల్లలకు ముందుగా తేలికైన ఆహారమే పెట్టాలి. బొంగు చికెన్ సంగతి నడక ముగిశాక చూసుకోవచ్చు.