లాజిక్ ఎనలైజర్‌లో అక్షరాలకు బదులు చెత్త వస్తుంటే ముందు మల్టీమీటర్ తీయండి

నల్గొండలో బోరు మోటర్ల మొబైల్ స్టార్టర్ (ఫోన్ చేస్తే మోటరు ఆన్ చేసేది) బోర్డులు రిపేరు చేస్తాను. ఈమధ్య ఇంజనీరింగ్ పిల్లలూ, మాలాంటి రిపేరు పనివాళ్ళూ ఎనిమిది ఛానెళ్ళ చిన్న లాజిక్ ఎనలైజర్ (చిప్‌ల మధ్య పోయే 0, 1 సిగ్నళ్ళను లాప్‌టాప్ తెరమీద గీతలుగా చూపే పరికరం) ఒకటి కొని పెట్టుకుంటున్నారు. మంచిదే. కానీ నాలుగు రోజులకే ఫోన్ వస్తుంది: "అన్నా, ఇది ఖరాబైంది, దీనికంటే పెద్దది ఏది కొనాలె?" తీసుకొచ్చి చూపిస్తే చాలాసార్లు ఎనలైజర్ మంచిగనే ఉంటుంది. అందుకే కొత్తది కొనేముందు ఇది చదవండి. డ్రైవరు వేయడం, ఆ గీతలు చూపే పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ తెరవడం, ప్రోబు తగిలించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

లక్షణం: ఏమీ పంపకపోయినా అన్ని ఛానెళ్ళూ వణుకుతున్నాయి

గ్రౌండ్ వైరు తగిలించలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే. వణుకుకీ వణుకుకీ మధ్య ఎంత సమయముందో తెరమీద కొలవండి. 20 మిల్లీసెకన్లకోసారి అదే ఆకారం తిరిగొస్తుంటే అది మీ డేటా కాదు, గోడలో పారే 50 హెర్ట్జ్ కరెంటు. బోర్డూ ఎనలైజరూ ఒకే లాప్‌టాప్‌కి ఉన్నాయి కదా, గ్రౌండ్ కలిసే ఉంటుందిలే అనుకోవద్దు. ఏ చిప్‌ని చూస్తున్నారో దాని పక్కనే ఉన్న గ్రౌండ్‌కి క్లిప్పు పెట్టండి.

పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. చాలా స్టార్టర్ బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, పెద్ద బాక్సు కెపాసిటర్‌తోనే కరెంటు దించుతారు. అలాంటి బోర్డులో గ్రౌండ్ అని రాసి ఉన్న చోటు నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. క్లిప్పు పెడితే లాప్‌టాప్ పోతుంది, మనిషి ప్రాణమూ పోవచ్చు. స్విచ్ ఆపితే చాలదు. మెయిన్స్ వైర్లన్నీ విప్పి పక్కన పెట్టి, బోర్డు డీసీ వైపు విడిగా అడాప్టర్‌తో సప్లయి ఇచ్చి పని చేయండి. మెయిన్స్ మీద ఉన్న బోర్డుకి చౌక యూఎస్‌బీ ఐసొలేటర్‌ని (లాప్‌టాప్‌కీ ఎనలైజర్‌కీ మధ్య కరెంటు దాటకుండా పెట్టేది) నమ్ముకోవద్దు. పైగా మామూలుగా దొరికేవి 12 మెగాబిట్ల వేగం దాటవు, దాంతో ఎనలైజర్ పూర్తి వేగం కూడా అందదు.

లక్షణం: తరంగం కనిపిస్తోంది, కానీ డీకోడర్ (తరంగాన్ని అక్షరాలుగా మార్చేది) చెత్త చూపిస్తోంది. ఒకసారి సరిగ్గా, ఒకసారి తప్పుగా

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

హాలియా వైపు నుంచి ఒక రైతు బోర్డు వచ్చింది. పాత 2జీ మాడ్యూల్ తీసి ఎవరో 4జీ మాడ్యూల్ వేశారు. ఫోన్ చేస్తే ఒకసారి మోటరు ఆన్ అవుతుంది, ఒకసారి కాదు. మాడ్యూల్ డేటా బయటికి పంపే టీఎక్స్ పిన్ను మీద ప్రోబు పెట్టాను. పొద్దున "ఓకే" అని చక్కగా చదివింది, మధ్యాహ్నానికి వరసగా ఫ్రేమ్ ఎర్రర్లు, అంటే అక్షరం మొదలూ చివరా కుదరడం లేదు. బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లు) 9600 పెట్టి చూశాను, 115200 పెట్టి చూశాను. శాంప్లింగ్ (సెకనుకు ఎన్నిసార్లు చదవాలన్నది) పెంచాను, యూఎస్‌బీ కేబుల్ మార్చాను. చివరికి మాడ్యూలే పోయిందనుకుని కొత్తది వేశాను. అదీ అంతే. మంచి మాడ్యూల్‌ని పీకి ఆ రైతు డబ్బులు దండగ చేశానని ఇప్పటికీ బాధే. అసలు లోపం రిలే దగ్గర ఒక విరిగిన టంకంలో ఉంది. ఎనలైజర్ చూపించిన తప్పుడు అక్షరాలు నమ్మి మూడు రోజులు మాడ్యూల్ చుట్టే తిరిగాను.

కారణం వోల్టేజీ. పాత సిమ్800ఎల్ లాంటి మాడ్యూళ్ళ సిగ్నల్ 2.8 వోల్టులు. చాలా 4జీ మాడ్యూళ్ళది 1.8 వోల్టులే. మన చౌక ఎనలైజర్లలో ఉండే సైప్రెస్ ఎఫ్‌ఎక్స్2 చిప్ 2.0 వోల్టుల పైన ఉంటే 1 అని, 0.8 కింద ఉంటే 0 అని హామీ ఇస్తుంది. మధ్యలో ఏం చదివినా దాని తప్పు కాదు. 1.8 సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. అందుకే ఒక ఎనలైజర్ చదువుతుంది, పక్కవాడిది చదవదు. అసలే చదవకపోతే మనకు వెంటనే అనుమానం వచ్చేది. సగం చదవడంతోనే వచ్చింది తంటా.

తెరమీద దీన్ని ఇలా పట్టుకోవచ్చు. మాడ్యూల్‌కి ఏటీ (AT) కమాండ్ పంపితే, ఎకో (పంపినదే తిరిగి పంపడం) ఆన్‌లో ఉంటే, ఇంగ్లీషు 'ఏ' (A) అక్షరం అలాగే తిరిగొస్తుంది. అక్షరం మొదలైందని చెప్పే స్టార్ట్ బిట్ తర్వాత ఒక ఎత్తు (1), ఐదు పల్లాలు (0), ఒక ఎత్తు, ఒక పల్లం, ఆ తర్వాత స్టాప్ బిట్. 115200 దగ్గర ఒక్కో బిట్ సుమారు 8.7 మైక్రోసెకన్లు. ఒంటరిగా నిలబడ్డ ఆ ఎత్తుల వెడల్పు కొలవండి. అంకె బాగా తగ్గి, ఆ తగ్గినంతా పక్కనున్న పల్లాలకు చేరిందంటే 1 అని లెక్కపెట్టే వోల్టేజీని గీత ఆలస్యంగా దాటుతోందన్నమాట. బాడ్ రేటు తప్పైతే ఎత్తులూ పల్లాలూ ఒకే లెక్కన మారతాయి. ఎత్తులు మాత్రమే సన్నబడితే వోల్టేజీనే అనుమానించండి.

అయితే ఇంత లెక్క లేకుండానే తేలిపోయే పని ఇది. యూఆర్ట్ గీత (మాడ్యూల్ టీఎక్స్ లాంటి సీరియల్ వైరు) ఖాళీగా ఉన్నప్పుడు పైనే నిలబడి ఉంటుంది, చిప్‌లు మాట్లాడుకునే ఐ2సీ గీతలూ అంతే. ఏమీ పంపకుండా మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి ఆ పిన్ను ముట్టించండి. 5, 3.3, 2.8 వస్తే ఎనలైజర్ పెట్టండి. 1.8 వస్తే అక్కడే ఆగిపోండి. పది సెకన్ల పని, నేను చేయలేదు.

పరిష్కారం: ఒకవైపు వినడానికే కాబట్టి 74ఎల్‌వీసీ1టీ45 లాంటి లెవెల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజీ మార్చే చిప్) చాలు, ఒక పక్క 1.8, ఇంకో పక్క 3.3 ఇవ్వండి. అది దొరకకపోతే బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి తీసుకోండి. బేస్‌కి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా సిగ్నల్, కలెక్టర్ నుంచి 3.3 వోల్టులకు 4.7 కిలో ఓమ్‌లు, ఎమిటర్ గ్రౌండ్‌కి. ప్రోబు కలెక్టర్ మీద పెట్టండి. సిగ్నల్ తలకిందులవుతుంది, పల్స్‌వ్యూ యూఆర్ట్ డీకోడర్‌లో ఇన్వర్ట్ ఆప్షన్ పెడితే సరిపోతుంది. 115200 వరకు ఇది బాగానే పనిచేస్తుంది.

మిగతావి

క్యాప్చర్ మధ్యలో ఆగిపోతుంటే హబ్ తీసి నేరుగా లాప్‌టాప్‌కి పెట్టండి, శాంప్లింగ్ తగ్గించండి. 115200 యూఆర్ట్‌కి 1 మెగాహెర్ట్జ్ చాలు, 24 పెట్టాల్సిన పని లేదు. అసలు లాప్‌టాప్ గుర్తించకపోతే అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ కావచ్చు. ఐ2సీ చదవకపోతే దాని డేటా వైరు ఎస్‌డీఏ, క్లాకు వైరు ఎస్‌సీఎల్ తారుమారయ్యాయేమో చూడండి. ప్రోబు పెడితేనే బోర్డు ఆగిపోవడం అరుదు, అలా ఆగితే చిప్‌కి క్లాకు ఇచ్చే క్రిస్టల్ పిన్ను మీద పెట్టి ఉంటారు, తీసేయండి.

మరి ఏది కొనాలి

ఆర్డుయినో, ఈఎస్‌పీ32 లాంటి ప్రాజెక్టు బోర్డుల పనికి ఆ చిన్న 24 మెగాహెర్ట్జ్‌దే చాలు. 8 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య వేగంగా నడిచే డేటా వైర్లు) దగ్గర మాత్రం క్లాకుకి మూడు శాంపిళ్ళే వస్తాయి, నమ్మకం ఉండదు. 4జీ మాడ్యూళ్ళు, ఫోన్ బోర్డులు రోజూ చూసేవాళ్ళు ఛానెళ్ళు ఎన్ని, మెగాహెర్ట్జ్ ఎంత అని అడిగేముందు థ్రెషోల్డ్ (ఎన్ని వోల్టులు దాటితే 1 అని చదవాలన్నది) మార్చుకోవచ్చా అని అడగండి. డీఎస్‌లాజిక్ ప్లస్‌లో మార్చుకోవచ్చు, సేలీ లాజిక్ ప్రో 8లో కూడా ఉంది. ధర ఎక్కువే. నెలకో 4జీ బోర్డు వచ్చేవాళ్ళకి బీసీ547 చాలు, నా బల్లమీద ఇప్పటికీ అదే ఉంది.